ఎంత జాగ్రత్తగా చూశారు?

జనగామ బస్టాండు ఎదురుగా సత్తమ్మ హోటల్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, జీవన్ ఒక అమ్మాయి ఆధార్ కార్డును వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఆ అమ్మాయి అతన్ని చూస్తోంది.

“పొద్దుగాల కెల్లి ముగ్గురు కండక్టర్లు చూసిండ్రు దాన్ని” అందామె. “కాటారంల ఒకలు, భూపాలపల్లిల ఒకలు, హన్మకొండల ఒకలు. నువ్వు నాలుగో కండక్టర్‌వి. వాళ్ళన్న జీరో టికెట్ కొట్టిచ్చిండ్రు.”

జీవన్‌కు నవ్వొచ్చింది. నవ్వలేదు. పని మధ్యలో నవ్వితే పనికి మర్యాద తగ్గుతుందని అతని నమ్మకం. అలాంటి నమ్మకాలు అతనికి చాలా ఉన్నాయి. వాటి చాటున నిలబడితే మనుషులు కాస్త దూరంగా, భద్రంగా కనిపించేవారు.

“ఫోటో పాతది” అన్నాడు.

“మనిషి గదే” అందామె.

ఆమె పేరు పద్మలత. తెల్లవారుజామున కాటారంలో బయలుదేరి, మూడు బస్సులు మారి, జీవన్ చేతి సంతకం కోసం వచ్చింది. సంతకమంటే కాగితం మీద పెట్టేది కాదు. జీవన్ పగలంతా జనగామలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. తీరిక దొరికినప్పుడల్లా జీతం లేని ఇంకో పని చేస్తాడు. ప్రపంచం నలుమూలలా ఉన్న వెయ్యిమంది కలిసి ఉచితంగా నడిపే లినక్స్ డిస్ట్రో అనే ఒక సాఫ్ట్‌వేర్ భాండాగారంలో అతను ప్యాకేజీలు కడతాడు. ఎక్కడో ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను, ఎవరు అడిగితే వాళ్ళ కంప్యూటర్‌లో ఒక్క కమాండుతో సరిగ్గా దిగేలా మూటకట్టి పెట్టడం అతని పని.

ఆ వెయ్యిమంది ఒకరినొకరు చూసింది తక్కువ. అందుకే వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ప్రతి ఒక్కరికీ ఒక కీ ఉంటుంది. చేసిన పని తమదేనని దానితో ముద్ర వేస్తారు. కొత్తగా చేరేవాళ్ళు ముందే ఉన్నవాళ్ళలో ఎవరినైనా ముఖాముఖి కలవాలి. కార్డు చూపించాలి, కీ తాలూకు నలభై అక్షరాల గుర్తు చదివి వినిపించాలి. ఆ కీ ఈ మనిషిదేనని పాతవారు తమ కీతో సంతకం పెడితే గాని కొత్తవారికి తలుపు తెరుచుకోదు. హైదరాబాద్ దాటితే, గోదావరి దాకా ఆ పాతవారు జీవన్ ఒక్కడే.

అసలు వాళ్ళ పరిచయం తగాదాతో మొదలైంది. హెరాన్ అని ఒక మెసేజ్ సర్వర్ ఉంది. దాని నడుమ ఒక చిన్న ఇంజను, చుట్టూ నలభై మూడు మాడ్యూళ్ళు. లాగిన్‌కు ఒకటి, గ్రూపులకు ఒకటి, పాత మాటలు దాచడానికి ఒకటి. జీవన్ వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద మూటగా కట్టాడు. ఒక నెల తర్వాత కాటారం నుంచి ఫిర్యాదు వచ్చింది. మొదటి నాలుగు వాక్యాలు మర్యాదగా ఇంగ్లీషులో ఉన్నాయి. అయిదోది తెలుగులో ఉంది: “పప్పు అడిగినోళ్ళకు పెండ్లి భోజనమంత ఎందుకు వడ్డిస్తుండ్రు? మా కాడ సిగ్నల్ ఉండేదే గంటసేపు.” జీవన్ వెంటనే, ఇలా చేయడమే సౌకర్యమని జవాబు పెట్టాడు. ఎవరికి సౌకర్యమని ఆమె అడిగింది. ఆ తర్వాత నాలుగు నెలలు వాదులాడుకున్నారు. చివరికి ఆమె నలభై మూడు మాడ్యూళ్ళనూ విడివిడి మూటలుగా తానే కట్టి పంపింది. తప్పు వెతకాలని వారం రోజులు చూశాడు జీవన్. రెండు దొరికాయి. రెండూ అతను మొదట చేసినవే.

హోటల్లో ఇద్దరూ కాగితపు చీటీలు మార్చుకున్నారు. ఆమె తన నలభై అక్షరాలూ నాలుగేసి చొప్పున చదువుతుంటే, అతను తన దగ్గరున్న ప్రతిలో వేలు పెట్టి సరిచూస్తున్నాడు. తర్వాత అతను చదివాడు, ఆమె చూసింది. చాయ్ తెచ్చిన సత్తమ్మ కాసేపు నిలబడి విన్నది.

“జాతకాలు చూస్తుండ్రా బిడ్డా?” అని అడిగింది. “కలుస్తున్నయా?”

జీవన్ చెవులు ఎర్రబడ్డాయి. పద్మలత మాత్రం తల ఎత్తకుండా, ఇప్పటికి ఇరవై నాలుగు కలిసినయ్ అవ్వా, ఇంక పదహారు ఉన్నయ్ అని చెప్పింది.

ఇంటికి వెళ్ళి సంతకం పెట్టబోతే ప్రోగ్రాం ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ కీ ఈ మనిషిదేనని మీరు ఎంత జాగ్రత్తగా చూశారు? సున్నా అంటే, జవాబు చెప్పను. ఒకటి అంటే, అసలు చూడలేదు. రెండు, పైపైన చూశాను. మూడు, చాలా జాగ్రత్తగా చూశాను. చాలామంది ఈ ప్రశ్న రాకుండానే పని కానిస్తారు. జీవన్ మాత్రం అడిగేలా పెట్టుకున్నాడు, ఆమెనూ అలాగే పెట్టుకొమ్మన్నాడు. ముప్పావుగంట కూర్చున్నంత మాత్రాన చాలా జాగ్రత్తగా చూశానంటే అతిశయోక్తి అవుతుందని ఆలోచించి, రెండు నొక్కాడు.

మర్నాడు ఆమె పెట్టిన సంతకం వచ్చింది. దాని పక్కన మూడు ఉంది.

ఫోన్లో ఆమె నవ్వింది. “నాకు రెండేనా? పైపైనేనా?”

అది నియమమనీ, ఇద్దరూ ఒక్కసారే కలిశారనీ అతను వివరించాడు.

“నేను ఒక్క చాయ్‌కే మూడు ఏసిన” అందామె. “టేబుల్ మీద ఒలికిన చాయ్ నువ్వే తుడిచినవ్. వాన జల్లు కొడ్తాందని నా కుర్చి లోపల్కి జరిపినవ్. మా ఊరికి ఆఖరు బస్సు ఎప్పుడని రెండుసార్లు అడిగినవ్. ఇంగ జాగ్రత్తగ చూసుడంటె ఏందో?”

తాను చేసిన ఆ మూడు పనులూ ఆమె చెప్పేదాకా అతనికే తెలియవు. తనను ఒకరు అంత దగ్గరగా చూశారన్న సంగతి అతన్ని రెండు రోజులు సంతోషపెట్టింది, మూడో రోజు నుంచి భయపెట్టింది.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు వాళ్ళిద్దరూ హెరాన్‌ను కలిసి చూసుకున్నారు. ఆమెకు సిగ్నల్ ఉండే గంటకు తగ్గట్టు అతను తన సాయంత్రాలను మార్చుకున్నాడు. చేసిన ప్రతి మార్పూ ఒక్క వాక్యంలో రాసిపెట్టాలని నియమం. ఆమె రాసే వాక్యాల్లో నియమంలో లేని వెలుగు ఏదో ఉండేది. ‘లాగిన్ మాడ్యూల్ అలిగింది, బతిమాలాను’ అని ఒకసారి రాసింది. జీవన్ దాన్ని కొట్టేసి ‘లాగిన్ లోపం సరిచేయబడింది’ అని రాశాడు. కొట్టేసిన వాక్యాన్ని మాత్రం తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

కట్టినదాన్ని పరీక్షించడానికి వాళ్ళకు మాన్‌సింగ్ దొరికాడు. మరిపెడ దగ్గర ఒక బడిలో లెక్కల పంతులు. బడిలో మూలపడ్డ కంప్యూటర్ ఒకదాన్ని బాగుచేసి, ఇంటర్నెట్ లేకపోయినా తరగతి గదులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా హెరాన్ పెట్టాడు. నలభై మూడు మాడ్యూళ్ళలో అతనికి కావలసినవి మూడే. ఏదైనా చెడితే ముగ్గురూ మహబూబాబాద్‌లో కలిసేవారు. జీవన్ రైల్లో, పద్మలత బస్సూ రైలూ మారి, మాన్‌సింగ్ బండి మీద.

ఒక ప్యాకేజీకి ఇంకో ప్యాకేజీతో ఉండే సంబంధాన్ని మూడు రకాలుగా రాస్తారు. అది లేనిదే నడవదంటే డిపెండ్స్. లేకపోయినా నడుస్తుంది గాని ఉంటే మంచిదంటే రికమెండ్స్. ఊరికే చెప్పి చూడటం సజెస్ట్స్. ఒకరోజు స్టేషన్ బయట మిర్చీలు తింటూ, జీవన్ తమ్మునికి నువ్వు ఈ మూడిట్ల ఏందమ్మా అని మాన్‌సింగ్ పద్మలతను అడిగాడు.

ఆమె మిర్చీ కొరికి, కారం మింగి, కళ్ళు తుడుచుకుని చెప్పింది. “రికమెండ్స్. నేను లేకున్న నడుస్తడు ఆయన. గని ఉంటె మంచిగుంటడు.”

మాన్‌సింగ్ పడీపడీ నవ్వాడు. జీవన్ నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఆమె లేకపోతే తాను నడవనని అప్పుడే చెప్పవచ్చు. చెప్పలేదు. ఒకరు లేనిదే నడవకపోవడం ప్యాకేజీల్లో మామూలు విషయం, మనిషికి మాత్రం అది ఓటమిలా అనిపించేది అతనికి.

ఆ చలికాలం పద్మలతకు ఒక ఉద్యోగం దగ్గరదాకా వచ్చింది. పుణేలో ఒక చిన్న కంపెనీ హెరాన్ వాడేవాళ్ళకు సాయం చేస్తుంది. దాన్ని చూసుకునే మనిషి కావాలి, ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చన్నారు. కాటారం వదలకుండా, తండ్రి పొలం పనికి అడ్డం లేకుండా దొరికే ఉద్యోగం ఆ చుట్టుపక్కల ఎవరూ విననిది. చివరి ఇంటర్వ్యూ రెండు నెలల్లో ఉంటుందన్నారు. వాళ్ళు చూసేది ఒక్కటే. హెరాన్ మాడ్యూళ్ళ మీద బాధ్యురాలిగా పద్మలత పేరు ఉంది, అది చాలు.

ఈ మాట చెప్పడానికే ఆమె మహబూబాబాద్ వచ్చింది. సాయంత్రం ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడ్డారు. మాన్‌సింగ్ ఏదో పని ఉన్నట్టు ముందే వెళ్ళిపోయాడు. కాలం కాని కాలంలో చినుకులు పడుతున్నాయి. జీవన్ చాలాసేపు పట్టాల వైపు చూసి, ఒక సంగతి చెప్పాడు. మాడ్యూళ్ళ మీదే కాదు, ఇంజను మీద కూడా ఇప్పుడు ఆమె పేరు ఉంది. ముందు ఆమె పేరు, దాని కింద తన పేరు.

“పెండ్లి కార్డు మీద రాసినట్టా?” అందామె వేళాకోళంగా.

“అట్లనే అనుకో” అన్నాడు జీవన్.

అన్నాక తాను ఏమన్నాడో అతనికి అర్థమైంది. ఆమె నవ్వు ఆగింది. చినుకులు ఆమె కనురెప్పల మీద నిలిచాయి. ఆమె తుడుచుకోలేదు.

“వారం ఆగు” అంది చివరికి. “బాపుతోని మాట్లాడి చెప్త.”

జనగామలో ఆగని ఆమె రైలు ముందు వచ్చింది. కిటికీ లోంచి ఆమె చెయ్యి ఊపింది. జీవన్ కూడా ఊపాడు. ఎక్కువ ఊపానేమోనని దించేశాడు.

వారం గడిచింది. ఎనిమిదో రోజు కూడా గడిచింది. తొమ్మిదో రోజు ఫోన్ చేశాడు, స్విచాఫ్. పదో రోజు చేశాడు, స్విచాఫ్. పదకొండో రోజు చెయ్యలేదు. ఇంట్లో వద్దన్నారనీ, ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదనీ తనకు తానే చెప్పుకున్నాడు. ఆ ఊహకు ఆధారం ఏమీ లేదు. అయినా అది అతనికి పాత చొక్కాలా సరిగ్గా పట్టింది. చాలాకాలం నుంచి ఎవరో ఒకరు తనను వద్దనడం కోసమే అతను ఎదురుచూస్తున్నాడు.

మాన్‌సింగ్ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. “మెయిల్లు పెట్టుడు కాదు తమ్మీ, బస్సెక్కు. జనగామల ఎక్కితే పొద్దుగూకెలోపు కాటారంల ఉంటవ్.”

“చెప్పేదుంటే తనే చెప్పేది గదన్నా” అన్నాడు జీవన్.

“ఆమెకేమైందో నీకు తెల్వది గద.”

“తెల్వకనే రూల్ ఉన్నది.”

రూల్ ఉన్న మాట నిజమే. బాధ్యులు పలకకుండా పోతే రెండేసి వారాల ఎడంతో మూడు ఉత్తరాలు రాయాలి. మూడిటికీ జవాబు లేకపోతే, అందరికీ కనిపించే పట్టికలో ప్రకటన పెట్టి, ప్యాకేజీని దిక్కులేనిదిగా రాయాలి. ఎవరైనా తీసుకోవచ్చు. పాత మాటలు దాచే మాడ్యూల్లో సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పెద్ద లోపం బయటపడింది. ఎవరో ఒకరు సరిచేయాలి. ఆమె తరఫున జీవనే సరిచేసి పంపవచ్చు, రూల్ దానికీ ఒప్పుకుంటుంది. ఒక పూట పని. అతను ఆ దారి తీసుకోలేదు. పూర్తిగా నియమం చెప్పినట్టే చేస్తే తన మనసులో ఉన్నది కోపం కాదని నిరూపించినట్టవుతుంది.

మూడు ఉత్తరాలు రాశాడు. మూడిట్లోనూ ఆమెను ‘మీరు’ అన్నాడు.

అరవై ఆరో రోజు, ఆదివారం మధ్యాహ్నం, ప్రకటన నమూనా తెరిచాడు. అందులో ఖాళీల్లో పేరూ తేదీలూ నింపాలి. నమూనాలో ఉన్నది ఒక్క మాట: మూడు ఉత్తరాలకు స్పందన లేదు. జీవన్ దాన్ని చదివాడు. ఏదో తక్కువైనట్టు అనిపించింది. దాని కింద ఇంకో వాక్యం తానే చేర్చాడు: ‘ఈ పని మీద ఆమెకు ఆసక్తి పోయినట్టుంది.’ ఆ వాక్యం రాస్తున్నప్పుడు గుండెలో ఏదో తేలికపడింది. ఆ తేలికను అతను న్యాయం అనుకున్నాడు. పంపేశాడు.

నాలుగు గంటల్లో పోర్చుగల్ నుంచి ఒకతను ఆ మాడ్యూళ్ళను తీసుకున్నాడు. వారంలో సభ్యుల పట్టిక నుంచి పద్మలత పేరు తొలగింది. ఆమె ఖాతా మూతపడింది.

పదకొండు రోజుల తర్వాత కాలేజీ ల్యాబులో ఉండగా, ఆ ప్రకటన కిందే, అందరూ చూసే, ఎవరైనా రాయగల చోటే, ఆమె జవాబు కనిపించింది. మూడు వాక్యాలు. ‘మా నాన్న రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రకటనలో మొదటి వాక్యం నిజం. రెండోది నన్ను ఎవరూ అడగలేదు.’

మర్నాడు పదకొండింటికి జీవన్ బస్సెక్కాడు.

మాన్‌సింగ్ చెప్పింది నిజమే, పొద్దుగూకక ముందే కాటారం చేరాడు. అయిదున్నర గంటల ప్రయాణం. పరకాల దాటాక ఎండిన పత్తి చేలూ, భూపాలపల్లి దాటాక అడవీ కిటికీలో వెనక్కి పోతుంటే, ఈ దారి అరవై ఆరు రోజులూ ఇక్కడే ఉందన్న ఆలోచన అతన్ని వదల్లేదు.

పద్మలత ఇంట్లో లేదు. భూపాలపల్లిలో ఒక జిరాక్సు సెంటర్లో పనికి పోతోందనీ, వచ్చే వేళైందనీ వాళ్ళమ్మ ఓదెమ్మ చెప్పింది. చెంబుతో నీళ్ళిచ్చి, పేరు అడిగింది. చెప్పాడు. ఓదెమ్మ అతన్ని ఒక నిమిషం చూసి, కుర్చీని కొంగుతో తుడిచింది.

వసారాలో మంచం మీద పద్మలత తండ్రి ఐలయ్య పడుకుని ఉన్నాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

ఓదెమ్మ గొంతు తగ్గించి, ఎవరికో జరిగినట్టు చెప్పింది. మహబూబాబాద్ నుంచి వచ్చిన మూడో రోజు బిడ్డ తండ్రితో మాట్లాడింది. కులం అడిగాడు, పని అడిగాడు, జీతం లేకుండా చేసే పని ఏంటో అడిగి చాలాసేపు అర్థం చేసుకోలేకపోయాడు.

“ఆఖరికి నవ్విండు” అంది ఓదెమ్మ. “మంచిదే, పిల్లగాన్ని తోలుకరా, చూస్తనన్నడు. ఆ మాట నీకు చెప్తాందుకు బిడ్డ ఫోన్ తీస్తె, నేను కూడ మాట్లాడుతనని ఈయనే చేతిలకు గుంజుకున్నడు. గట్లనే పడిపోయిండు. ఫోన్ ఆయన కింద పడి పలిగింది.”

జీవన్ చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నీళ్ళు తాగినట్టు అతనికి గుర్తు లేదు. మూడో రోజు. తాను ఇంకా వారాన్ని లెక్కపెడుతున్న రోజుల్లోనే ఆ ఇల్లు తనకు ఒప్పుకుంది. వీళ్ళు వద్దనడం కోసం తాను ఎదురుచూశాడు, వీళ్ళు తన కోసం ఎదురుచూశారు.

ఐలయ్య అతన్ని చూస్తున్నాడు. తల నుంచి కాళ్ళ దాకా, మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా. చూస్తానన్న మాట ఆయన నిలబెట్టుకుంటున్నాడు. ఎడమ చెయ్యి కొంచెం లేచి, మంచం పట్టె మీద పడింది. దీవించాడో, కూర్చోమన్నాడో, పొమ్మన్నాడో చెప్పగల నోరు ఆయనకు లేదు.

పద్మలత వచ్చింది. జీవన్‌ను చూసి ఆశ్చర్యపోలేదు. చిక్కిపోయింది. చెప్పులు విడిచి, తండ్రి నోటి పక్క తడి తుడిచి, తర్వాత అతని వైపు తిరిగింది. ఇద్దరూ గడప అవతల నిలబడ్డారు.

తాళం వేసిన ఇంట్లో కప్పు కారి లాప్‌టాప్ తడిసి పాడైందని, కీ కూడా దానితోనే పోయిందని ఆమె నిదానంగా చెప్పింది. ఉత్తరాలు మూడూ మొన్ననే, జిరాక్సు సెంటర్ కంప్యూటర్లో చూసింది. పుణే వాళ్ళు వేరే మనిషిని తీసుకున్నారు. ఆసక్తి లేని మనిషి మాకెందుకని అననైతే అనలేదు, అడిగితే ఆ ప్రకటన లింకు పంపించారు.

“నెల తర్వాత నా సిమ్ము వేరే ఫోన్ల వేసినం” అంది. “అది మస్తు సార్లు మోగింది. నువ్వు మోగలే.”

“నువ్వన్న చేస్తవనుకున్న.”

“నీ నంబరు నోటికి లేదు జీవన్. నీ కీ నలభై అక్షరాలు వస్తయ్ నాకు, ఇప్పుడు అడిగినా చదువుత. పది అంకెల నంబరు రాదు.” తండ్రి మంచం వైపు చూసింది. “మెయిల్ పెట్టొచ్చు, అబద్ధమెందుకు. దవాఖానల కూసున్నప్పుడు అనుకున్న రెండుమూడు సార్లు. నువ్వు ఆగుతవ్ లే అనుకున్న. ఆగుమన్న గద.”

ప్యాకేజీ వెనక్కి ఇప్పిస్తానని, ప్రకటన తప్పని అందరికీ రాస్తానని జీవన్ అన్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్రేమ అనే మాట కూడా వాటి మధ్యలో ఎక్కడో ఉంది. అన్నిటి కంటే ఆలస్యంగా, అన్నిటి కంటే చిన్నగా.

ఆమె పూర్తిగా విన్నది. పోర్చుగల్ ఆయన పని బాగానే చేస్తున్నాడనీ, అతని దగ్గర్నుంచి గుంజుకోవలసిన అవసరం లేదనీ చెప్పింది. మిగతావాటికి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి ఒక కాగితపు చీటీ తెచ్చింది. సెంటర్లో వాడుకొమ్మని ఇచ్చిన పాత కంప్యూటర్లో కొత్త కీ చేసుకుంది.

“మళ్ళ కొత్తగ చేరుత” అంది. “ఇటు సంతకం పెట్టేటోనివి నువ్వొక్కనివే ఉన్నవ్. లేకుంటె హైదరాబాద్ పోవాలె, బాపును ఇడిచిపెట్టి పోలేను. కార్డు తెస్త, చూడు.”

పాత కార్డే. జీవన్ వెలుతురుకు పట్టి చూశాడు. ఫోటోలోని అమ్మాయి కళ్ళలో అల్లరి ఉంది. అది ఆమె కళ్ళలో, తన ఎదుటే ఉన్నప్పుడు అతను రెండు వేశాడు. ఆమె నలభై అక్షరాలు చదివింది. అతను కూడా ఆచారం ప్రకారం తనవి చదవబోయాడు. ఆమె చూడకుండా, చేతిలో కాగితం లేకుండా, అతని కంటే ముందే చదివేసింది.

బస్సుకు వేళైంది. ఓదెమ్మ తిని పొమ్మన్నది. పద్మలత పొమ్మనలేదు, ఉండమనలేదు.

మర్నాడు సాయంత్రం జనగామలో జీవన్ సంతకం పెట్టడానికి కూర్చున్నాడు. ప్రోగ్రాం అడిగింది. ఎంత జాగ్రత్తగా చూశారు? అతని వేలు ఒకటి మీదికి పోయింది. అసలు చూడలేదు. ఇంత నిజమైన మాట తన జీవితంలో ఇంకోటి రాయలేడనిపించింది. నొక్కాడు కూడా. ఇంక ఎంటర్ నొక్కడమే మిగిలింది.

అప్పుడు గుండెలో ఏదో తేలికపడటం మొదలైంది. ఆ తేలికను అతను గుర్తుపట్టాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం రెండో వాక్యం చేర్చినప్పుడు కలిగిందీ ఇదే. ఒకటి అని ఉన్న సంతకాన్ని చూస్తే ఆమెను ఎవరూ చేర్చుకోరు. తన పశ్చాత్తాపాన్ని కూడా అతను ఆమె పేరు పక్కనే రాయబోతున్నాడు. ఆ అంకెను చెరిపేశాడు. ప్రోగ్రాం అడిగింది కార్డు గురించి, కీ గురించి. వాటిని నిజంగానే చాలా జాగ్రత్తగా చూశాడు. మూడు నొక్కాడు. సంతకంతో పాటు పంపడానికి ఒక ఉత్తరం రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. చివరికి సంతకాలు పంపే నమూనాలో ఉన్నంతే పంపాడు. ఒక్క మాట కూడా చేర్చలేదు.

రెండు రోజులకు, కొత్త కీతో ఆమె అతని కీ మీద పెట్టిన సంతకం వచ్చింది. దాని పక్కన అంకె లేదు. అంకె లేకపోతే అది సున్నా. జవాబు చెప్పను.

ఆమె కావాలని సున్నా ఎంచుకుందా, ఏదీ ఎంచుకోకుండా ఊరికే ఎంటర్ నొక్కిందా, సెంటర్ కంప్యూటర్లో ఆ ప్రశ్నే ఆమెను అడగలేదా? మూడిటికీ వచ్చేది అదే ఖాళీ. తెలుసుకోవాలంటే అడగాలి. అడగాలంటే ఉత్తరం చాలదు, బస్సెక్కాలి, ఇప్పుడు అతనికి ఆ సంగతి తెలుసు. కానీ జవాబు చెప్పనన్న మనిషి ఇంటి ముందుకు పోయి నిలబడటం కూడా ఒక రకంగా మూడు ఉత్తరాలు రాయడమే. ఈసారి ఆ ఖాళీని అతను దేనితోనూ నింపలేదు.

నెల తర్వాత కొత్తగా చేరినవాళ్ళ పట్టికలో పద్మలత పేరు కనిపించింది. ఆ రోజు వాన పడుతోంది. కాలేజీ నుంచి వస్తూ సత్తమ్మ హోటల్లో ఆగాడు. ఎదురు కుర్చీ మీద జల్లు కొడుతుంటే, ఖాళీదే అయినా లోపలికి జరిపాడు.

సత్తమ్మ చాయ్ పెట్టి, ఆ కుర్చీని చూసి, ఆ పిల్ల మళ్ళ రాలేదేందని అడిగింది.

“జాతకాలు కలువలేదా బిడ్డా?”

“నంబర్లన్నీ కలిసినయ్ అవ్వా” అన్నాడు జీవన్. “నలభైకి నలభై.”